పాస్టరమ్మగారి పేరు ఏ పుస్తకములో ఉన్నది?



మీ సంఘపు పెట్టెలోని పుస్తకములను ఒకమారు బయటకు తీసి చూడుడి. బాప్తిస్మముల పుస్తకము, వివాహముల పుస్తకము, సమాధుల పుస్తకము, కానుకల లెక్క, సంఘ పెద్దల తీర్మానముల పుస్తకము ఉండును. వాటిలో పాస్టరుగారి పేరు ఎన్ని చోట్ల ఉన్నదో లెక్కపెట్టుట కష్టము. పాస్టరమ్మగారి పేరు ఎన్ని చోట్ల ఉన్నది? ఆమె పిల్లల బాప్తిస్మములయొద్ద తల్లి పేరుగా నాలుగైదు పర్యాయములు ఉండును. ఆమె ఆ ఊరిలోనే కన్ను మూసినయెడల సమాధుల పుస్తకములో ఇంకొక పర్యాయము. అంతే. ముప్పది, నలువది సంవత్సరములు వచ్చినవారికెల్ల వండి పెట్టి, అర్ధరాత్రి లాంతరు పట్టుకొని పురుటి ఇండ్లకు వెళ్లి, ఆదివారపు బడి నడిపి, స్త్రీల కూటములో ప్రార్థన చేసి, పిడికెడు బియ్యము ప్రోగుచేసిన మనిషికి సంఘపు కాగితములలో దొరకిన స్థలము అది.

ఆమె చనిపోయిన దినమున మాత్రము మనము మాటలు కరవు పడము. "తల్లివంటిది, దీపమువలె కాలిపోయినది, ఒక్క మాట బయటకు చెప్పలేదు" అని పెద్దలు లేచి చెప్పుదురు. ఒక్క మాట బయటకు చెప్పలేదట! చెప్పవలసిన మాటలు ఆమెకు ఉండెనేమో అని ఆమె బ్రతికియుండగా ఎవరును అడుగలేదు.

ఈ సంగతి మన కాలములో పుట్టినది కాదు. లూథరను సంఘములలోని పాస్టరమ్మలందరిలో మిక్కిలి పేరు పొందిన స్త్రీకే ఇది జరిగెను. కేథరీన వాన్ బోరా అను ఆమెను మీరెరుగుదురు. అక్టోబరు 31వ తేదీ వచ్చినప్పుడు ప్రసంగములో ఆమెనుగూర్చి రెండు మాటలు వినియుందురు. మఠమునుండి పారిపోయి వచ్చిన కన్యక, లూథరుగారిని పెండ్లాడెను, ఆరుగురు పిల్లలను కనెను, మంచి ఇల్లాలు. ఇక తరువాతి కీర్తన. ఆమె విధవరాలై జీవించిన దాదాపు ఏడు సంవత్సరముల సంగతి మీలో ఎవరైనను బలిపీఠమునొద్దనుండి విన్నారా? ఆ ఏడు సంవత్సరములే సంఘమునకు సిగ్గు కలిగించునవి గనుక వాటిని మడిచి పెట్టితిమి. వాటినే నేడు విప్పి చూపవలెనని నా ప్రయత్నము.

ముందుగా ఆమె యెవరో తెలియవలెను. 1499లో సాక్సనీ దేశమందు, పేరు గొప్ప, కలిమి తక్కువ అయిన ఒక కుటుంబములో పుట్టెను. అయిదారేండ్ల వయస్సులోనే తండ్రి ఆమెను కన్యకల మఠపు బడికి పంపెను. కట్నము ఈయలేని ఇంటిలో ఆడపిల్ల బరువు ఆ దేశములోను ఒకటే. తరువాత గ్రిమ్మా అను పట్టణము దగ్గర నింబ్షెన్ మఠములో చేర్చబడి, 1515లో సన్యాసినిగా ఒట్టు పెట్టుకొనెను. అప్పటికి ఆమె వయస్సు 16. 1523 ఏప్రిల్ నెలలో, ఈస్టరుకు ముందటి రాత్రి, మరి పదునొకండుగురితో కూడ ఆ మఠమును విడిచెను. టోర్గౌ పట్టణపు వర్తకుడు లియోన్‌హార్డ్ కోప్పె అనునాయన తన బండిలో వారిని దాటించెను. వారు ఉప్పు చేపల పీపాలలో దాగి వచ్చిరని చెప్పు కథ మన ఆదివారపు బడి పిల్లలకు చాల ఇష్టము. ఆయన మఠమునకు చేపలు తెచ్చు వర్తకుడనుట నిజము; పీపాల మాట తరువాతివారు కలిపినది కావచ్చును. ఆ కాలములో మఠపు కన్యకలను తప్పించుట ప్రాణముమీదికి వచ్చు నేరము. ఆ టోర్గౌ పేరు జ్ఞాపకముంచుకొనుడి. ఆమె కథలో అది మరల వచ్చును.

విట్టెన్‌బర్గు చేరిన కన్యకలకు ఒక్కొక్కరికి పెండ్లియో, ఒక ఇంటి ఆశ్రయమో దొరకెను. కేథరీనకు కాస్పర్ గ్లాట్స్ అను పాదిరిని చూచిరి. ఆమె ఆయనను చేసికొననని చెప్పెను. ఆమ్స్‌డార్ఫుగారినైనను లూథరుగారినైనను చేసికొందునని ఆమ్స్‌డార్ఫుగారికే చెప్పెను! తలిదండ్రుల అండ లేని పిల్ల మన ఊరి పెద్దల యెదుట ఆలాగు మాట్లాడినయెడల మనమేమందుమో తలంచుకొనుడి. 1525 జూన్ 13వ తేదీన లూథరుగారితో ఆమె వివాహము జరిగెను. ఆయనకు 41, ఆమెకు 26 సంవత్సరములు. ఈమెయే మొదటి పాస్టరమ్మ అని కొందరు వ్రాయుదురు గాని అది సరికాదు. వారికి వివాహము జరిపించిన బుగెన్‌హాగెన్‌గారే 1522లో పెండ్లాడియుండెను.

ఆమె కాపురము పెట్టినది ఇల్లు కాదు, ఖాళీ అయిన ఒక పెద్ద సన్యాసుల మఠము. పెండ్లికి ముందు సంవత్సరము పొడుగున తన పరుపు ఎవరును దులుపలేదనియు, గడ్డి చెమటకు కుళ్లిపోయెననియు లూథరుగారే తరువాత చెప్పిరి. ఆయన తన పుస్తకములకు ముద్రాపకులయొద్ద కాసు పుచ్చుకొనలేదు. చేతిలో ఉన్నది అడిగినవానికి ఇచ్చివేయును. మనము ఆయన ఔదార్యమును మెచ్చుకొందుము, మెచ్చుకొనవలసినదే. అయితే ఆ ఔదార్యము వెనుక కుండలో గింజలు లెక్కపెట్టిన చేయి ఎవరిది? మైంజు ఆర్చిబిషప్పు పెండ్లి కానుకగా పంపిన 20 బంగారు నాణెములను లూథరుగారు తిప్పి పంపుమనగా కేథరీన ఊరకుండి వాటిని దాచుకొనెనని చెప్పుదురు. నవ్వుటకు చెప్పుకొను కథ ఇది. నాకు నవ్వు రాదు. ఆ యింటిలో రేపటినిగూర్చి తలంచిన మనిషి ఆమె ఒక్కతెయే అని అందులో కనబడుచున్నది.

ఆమె పని చూడుడి. తోట, పండ్ల చెట్లు, చేపల చెరువు, ఆవులు, పందులు, కోళ్లు, బాతులు ఆమె చూచుకొనెను. యవలతో ఇంటివారందరికి బీరు కాచెను. చదువరులారా, ముఖము చిట్లించవద్దు; ఆ దేశములో ఆ కాలమున అది అన్నముతోపాటు ప్రతి యింట తాగునదే. 1540లో జుల్స్‌డార్ఫు అను తన పుట్టింటివారి పొలమును ఆమె సోదరునియొద్ద కొని, అక్కడికి బండిలో పోయి సేద్యము చేయించెను. మఠపు గదులలో విద్యార్థులను డబ్బుకు భోజనము పెట్టి ఉంచెను. తన ఆరుగురు పిల్లలు గాక, తలిదండ్రులు లేని బంధువుల పిల్లలు ఎందరో ఆ యింటనే పెరిగిరి. ఒక్కొక్కప్పుడు ఆ పంక్తిలో ముప్పది, నలువదిమంది కూర్చుండిరి. లూథరుగారు పరిహాసముగా ఆమెకు పురుషులకు వ్రాసినట్లు "దొర" అని ఉత్తరములు వ్రాసిరి. పరిహాసమే, అయినను నిజము.

1527లో విట్టెన్‌బర్గునకు తెగులు వచ్చెను. విశ్వవిద్యాలయమువారు యేనా పట్టణమునకు తరలిపోయిరి. లూథరుగారు, బుగెన్‌హాగెన్‌గారు రోగులను విడువక నిలిచిరని సంఘచరిత్రలలో చదువుదుము. నిలిచిన ఆ యిల్లు ఆసుపత్రి ఆయెను. రోగులకు పడక వేసినదెవరు? గంజి కాచినదెవరు? ఆమె అప్పుడు గర్భవతి. పట్టణములో డీకను రోరరుగారి భార్య నిండు చూలాలై అదే తెగులునకు చిక్కి చనిపోయెను. ఆ చావు చూచిన తరువాత నెల దాటగానే, డిసెంబరులో, కేథరీన ఎలిజబెతును కనెను. ఆ బిడ్డ ఎనిమిది నెలలు నిండకుండనే 1528 ఆగష్టులో పోయెను. 1540లో ఆమెకు గర్భస్రావమై చావునకు దగ్గరగా వెళ్లి వచ్చెను. 1542లో మగ్దలేన అను పదమూడేండ్ల కుమార్తెను పాతిపెట్టిరి. ఆ బిడ్డ మరణమందు లూథరుగారు చూపిన విశ్వాసమునుగూర్చి ప్రసంగములు విందుము. ఆ గదిలోనే తల్లియు ఉండెను.

ఇక పంక్తిలో మాట. లూథరుగారు భోజనమునొద్ద మాట్లాడిన మాటలను విద్యార్థులు వ్రాసికొనిరి. అవి వేలకొలది, లావు లావు గ్రంథములుగా అచ్చయినవి, లోకమంతట చదువుచున్నారు. ఆ పలుకులు పలికిన నోటికి, వ్రాసిన చేతులకు అన్నము పెట్టిన మనిషి మాటలు వాటిలో ఎన్ని? అక్కడక్కడ ఒక ప్రశ్న, ఒక ఎత్తిపొడుపు. లూథరుగారు ఆమెకు వ్రాసిన ఉత్తరములు సుమారు 20 నిలిచియున్నవి. ఆమె ఆయనకు వ్రాసినది ఒక్కటియు నిలువలేదు. ఎవరును కావలెనని చింపలేదు. దాచవలెనని ఎవరికిని తోచలేదు, అంతమాత్రమే. మీ సంఘపు పుస్తకములలోను జరిగినది అదే గదా?

1546 ఫిబ్రవరి 18వ తేదీన లూథరుగారు ఐస్లెబెన్ పట్టణములో మరణించిరి. ఆమె దగ్గర లేదు. శవమును ఊరూర గౌరవించి తెచ్చి విట్టెన్‌బర్గు కోటగుడిలో పాతిపెట్టిరి. గంటలు మ్రోగెను, గొప్పవారు ప్రసంగించిరి. ఆ తరువాత ఆమె తన మరదలికి వ్రాయించిన ఉత్తరము ఉన్నది. తినలేకున్నాననియు, నిద్ర పట్టుటలేదనియు, ఒక రాజ్యము పోయినను ఇంత దుఃఖము కలుగదనియు దాని భావము.

గంటలు ఆగగానే లెక్కలు మొదలాయెను. లూథరుగారు ముందు చూపుగలవారై 1542లోనే మరణశాసనము వ్రాసియుండిరి. ఆనాటి వాడుక ప్రకారము విధవరాలికి ఒక పురుషుని సంరక్షకునిగా పెట్టవలెను. లూథరుగారు ఆ వాడుకను త్రోసివేసి, తన సొత్తంతయు ఆమె చేతనే ఉండవలెననియు, తల్లియే తన బిడ్డలకు మంచి సంరక్షకురాలనియు వ్రాసిరి. చిక్కు ఏమనగా, న్యాయవాదులయందు ఆయనకు నమ్మకము లేదు గనుక చట్టము కోరిన రీతిగా ఆ శాసనమును వ్రాయింపలేదు. తన మాటయే చాలునని తలంచిరి. ఆయన జీవించియుండగా ఆ మాట చాలినదే. చనిపోగానే సాక్సనీ దేశపు మంత్రియైన గ్రెగర్ బ్రూక్‌గారు ఆ శాసనము చెల్లదనిరి. కుమారులను తల్లియొద్దనుండి వేరుచేసి చదివింపవలెననియు, ఆమె ఖర్చులు తగ్గించుకొనవలెననియు సలహా చెప్పిరి. బ్రూక్‌గారు క్రీస్తు విరోధి కాడు సుమీ! సువార్త పక్షమున నిలిచిన మంచి పేరుగల మనిషి. ఆమె గర్విష్ఠురాలనియు, చేయిజారు మనిషి అనియు ఆయన తలంపు. ఇరువది సంవత్సరములు నలువదిమందిని పోషించి మిగిల్చిన మనిషి లెక్క తెలియనిదట! ఆమె ఊరకుండలేదు. వ్రాయించవలసిన ఉత్తరములు వ్రాయించెను, వెళ్లవలసిన గుమ్మములు ఎక్కెను. చివరకు ఎలెక్టరు ప్రభువు జాన్ ఫ్రెడరిక్‌గారు శాసనమును మన్నించిరి. అయితే సంరక్షకులను మాత్రము పెట్టక మానలేదు.

అదే సంవత్సరము యుద్ధము వచ్చెను. ఆమె పిల్లలతో మాగ్డెబర్గునకు పారిపోయి, తిరిగి వచ్చి, 1547 ఏప్రిల్‌లో మ్యూల్‌బర్గు యుద్ధములో సువార్త పక్షపు ప్రభువులు ఓడగానే మరల పారిపోయెను. ఇల్లు నిలిచెను గాని పొలములు పాడాయెను, పశువులు పోయెను, పాకలు కాలెను. అప్పులు చేసి మరల విద్యార్థులకు వండి పెట్టసాగెను. విధవరాలైన ఆమెకు మిగిలిన వృత్తి, పూర్వము జీతము లేక చేసిన వృత్తియే. 1550లోను 1552లోను డెన్మార్కు రాజు 3వ క్రిస్టియన్‌గారికి సహాయము కోరుచు వినతులు పంపెను. ఎక్కడి విట్టెన్‌బర్గు, ఎక్కడి డెన్మార్కు! ఆయన ప్రసంగములు విని రక్షణ మార్గము తెలిసికొన్న పట్టణములు, ఆయన పేరు చెప్పుకొని జీతములు పొందిన పాదిరులు, ఆచార్యులు చుట్టునుండగా, విధవరాలు సముద్రము అవతలి రాజును యాచింపవలసి వచ్చెను. బుగెన్‌హాగెన్‌గారు ఆమె పక్షమున వ్రాసిరి. ఆయన పేరు మరువరాదు. మిగిలినవారి సంగతి నేను చెప్పనక్కరలేదు.

1552లో విట్టెన్‌బర్గులో మరల తెగులు పుట్టెను. ఆమె చిన్నవారైన ఇద్దరు పిల్లలతో టోర్గౌకు బయలుదేరెను. దారిలో గుఱ్ఱములు బెదరెను. ఆమె బండినుండి దుమికి చల్లని నీళ్ల గుంటలో పడి దెబ్బతినెను. మూడు నెలలు మంచముమీద ఉండి, డిసెంబరు 20వ తేదీన టోర్గౌలోనే ప్రాణము విడిచెను. 53 సంవత్సరములు. మఠమునుండి ఆమెను దాటించిన బండి బయలుదేరిన ఊరు అదే. అక్కడి మరియ గుడిలో పాతిపెట్టిరి. భర్త ప్రక్కన కాదు.

ఇప్పుడు వినుడి. తెగులువలన విశ్వవిద్యాలయమువారును టోర్గౌకు తరలియుండిరి. మరునాడు విద్యార్థులను సమాధి కార్యక్రమమునకు రమ్మని పిలుచుచు ఒక ప్రకటన వేసిరి. భర్త సంఘమునకు చేసిన గొప్ప సేవనుబట్టి ఎవరియొద్ద మేలు పొందవలసియుండెనో వారిలో అనేకులవలన ఆమె కృతఘ్నతను అనుభవించెనని అందులో వ్రాసిరి. చక్కగా వ్రాసిరి. నిజమే వ్రాసిరి. ఆమె పోయిన మరుసటి దినమున వ్రాసిరి! ఆ కాగితమునకైన సిరా ఖర్చు ఆరేండ్లు ముందుగా ఆమె వంటింటికి పంపినయెడల ఎంత బాగుండెను!

చదువరులారా, ఇది జర్మనీ దేశపు సంగతి, మనకేమి అందురా? 1842లో హయ్యరుగారు గుంటూరునకు వచ్చిన తరువాత మన ప్రాంతములో లూథరను సంఘములు మొలకెత్తినవి. బోధతోపాటు పాస్టరుగారి ఇల్లు అను ఏర్పాటును వచ్చినది. గుడి ప్రక్కన ఇల్లు, ఇంటి తలుపు ఊరందరికి తెరచియుండుట, భార్య భర్తతోపాటు సంఘమునకు చెందినదని ఎంచుట, ఇవి ఆ మఠపు వంటింటినుండి దిగివచ్చినవే. మంచి ఏర్పాటే. పల్లెలలో అక్షరమురాని స్త్రీలకు అక్షరము చూపినవారిలో, రోగికి కషాయము కాచి ఇచ్చినవారిలో, అత్త కొట్టిన కోడలికి అరుగుమీద చోటిచ్చినవారిలో పాస్టరమ్మలు ఎందరో మీకే తెలియును. ఏర్పాటుతోపాటు అందులోని అన్యాయమును కూడ మనము దిగుమతి చేసికొంటిమి, అదే నా మొర.

క్రొత్త పాస్టరుగారు వచ్చుచున్నారనగా పెద్దలు ఏమి అడుగుదురు? అమ్మగారు పాడగలరా? కూటము నడపగలరా? పిల్లలకు చెప్పగలరా? ఇద్దరి పనిని విచారించి ఒకరి జీతమును నిర్ణయింతురు. ఎద్దు కళ్లము తొక్కుచుండగా దాని మూతికి చిక్కము వేయరాదని మోషే ధర్మశాస్త్రములో ఉన్నది. పౌలు దానిని సువార్త సేవకులకు అన్వయించెను. మీరు సేద్యగాండ్రు, మిమ్ములనే అడుగుచున్నాను. ఒకే కాడికి రెండు ఎడ్లను కట్టి, సాయంకాలము ఒకదానికే గడ్డి వేసి, రెండవది మంచి ఎద్దు, అరవదు అని మెచ్చుకొను రైతును మీ ఊరిలో ఏమందురు?

ఆమె చీర ఖరీదు మాత్రము అందరికి తెలియును. ఆమె పిల్లవాడు పరీక్ష తప్పినయెడల ఆ సంగతి నాలుగు పాలెములకు ప్రాకును. ఈ విషయములో పురుషులకంటె మన స్త్రీల కూటములు తక్కువ తినలేదు.

పాస్టరుగారు చనిపోయిన తరువాతి మాట ఇక చెప్పవలెను. సమాధి పెట్టెకు, పూలకు, భోజనములకు కానుకలు వచ్చును. పెద్దకర్మ కూడికలాగే జ్ఞాపకార్థ కూటము జరుగును. ఆ కూటము చెదరకముందే ఒక పెద్ద మెల్లగా అడుగును: "అమ్మగారూ, క్రొత్త అయ్యగారు వచ్చుచున్నారు గదా, ఇల్లు ఎప్పటికి ఖాళీ చేయుదురు?" ప్రశ్న అడుగక తప్పదు, ఇల్లు సంఘముది. నిజమే. వెంటనే అడుగవలసిన రెండవ ప్రశ్నను మాత్రము ఎవరును అడుగరు. "మీరు ఎక్కడికి పోవుదురు?" అనునదే ఆ ప్రశ్న. ముప్పది సంవత్సరములు ఊరూర మారినందువలన ఆమెకు పుట్టినూరు లేదు, మెట్టినూరు లేదు. తన పేర సెంటు భూమి లేదు. ఆమె చేతులమీద పుట్టిన పిల్లలు ఆ ఊరిలో మేడలు కట్టుకొనియున్నారు.

రెండవ రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయము తీయుడి. అక్కడ ఒక విధవరాలు ఎలీషాయొద్ద మొరపెట్టెను. ఆమె యెవరు? ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య. అనగా పాస్టరమ్మయే. భర్త దేవునియందు భయభక్తులుగలవాడు. అయినను అప్పు మిగిలెను. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొని పోవుటకు వచ్చెను. నూనె అద్భుతమును మనము ఆనందముతో బోధింతుము. అద్భుతము ఎందుకు అవసరమాయెనో అడుగము. ఆ ప్రవక్తల సమాజములో తక్కినవారందరు ఏమైరి? ఎలీషా మాత్రము ఏమి చేసెనో చూడుడి. ఓర్చుకొనుమని ఆమెకు ప్రసంగము చేయలేదు. నేను నీకేమి చేయవలెనని అడిగెను, నీ యింట ఏమి ఉన్నదని అడిగెను. చివరకు అప్పు తీర్చి మిగిలినదానితో బ్రదుకుమని లెక్క తేల్చి పంపెను. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయములోను అంతే. అనుదిన ఉపచారములో కొందరు విధవరాండ్రు విడువబడుచున్నారని సణుగు పుట్టగా, సణుగవద్దని అపొస్తలులు గద్దింపలేదు. ఏడుగురిని ఏర్పరచి పని అప్పగించిరి. ఆ ఏడుగురి పేర్లు అక్కడ వ్రాయబడియున్నవి. విధవరాండ్ర పేర్లు వ్రాయబడలేదు. అది వేరు సంగతి!

మీరు చెప్పబోవు జవాబులు నాకు వినబడుచున్నవి.

మా సంఘము బీదది అందురు. క్రిస్మసునకు దీపములు, కోత పండుగకు పందిరి, గుడికి క్రొత్త మైకు, శిలాఫలకముమీద దాతల పేర్లు, వీటికి బీదతనము అడ్డురాలేదు. ఆమె స్వహస్తములతో ఇల్లిల్లు తిరిగి ప్రోగుచేసిన పిడికెడు బియ్యములో ఆమెకు ఒక పిడికిలి లేదా?

ఆమెకు కుమారులున్నారు అందురు. కేథరీనకును ముగ్గురు కుమారులుండిరి. భర్త పోయిననాటికి పెద్దవానికి ఇంకను 20 నిండలేదు, కడపటి కుమారునికి 13. కుమారులుండినను తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో పౌలు రెండు మాటలు చెప్పెను: ఇంటివారు తమ విధవరాండ్రను చూచుకొనవలెను, దిక్కులేని వారిని సంఘము చూడవలెను. మనము మొదటి మాటను కంఠస్థము చేసి రెండవదానిని మరచితిమి.

అది పైవారి పని, సంఘాధికారులు చూచుకొందురు అందురు. పైవారికి అర్జీ వ్రాసి, ఆ అర్జీ వెంట తిరుగుటకు ఆమెకు ఎవరు తోడుపోయిరి? విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి గుమ్మము చుట్టు ఒంటరిగా తిరిగిన కథ ప్రభువు చెప్పెను. సంఘము ఆమె వెంట నడిచినయెడల ఆ కథ మరియొక విధముగా ఉండెడిది.

ఆమె అడుగలేదు గదా అందురు. ఇదియే అన్నిటికంటె పాడు జవాబు. కేథరీన అడిగెను, అందుకు ఆమెను గర్విష్ఠురాలనిరి. అడిగిన స్త్రీ గర్విష్ఠురాలు, అడుగని స్త్రీకి అక్కరలేదు. ఇక ఏ స్త్రీకి మీరు ఇయ్యగలరు?

కనుక నేను సంఘ పెద్దలను కోరునవి కొద్ది పనులు. రాబోవు కూటములోనే తీర్మానముల పుస్తకములో ఒక పుట పాస్టరమ్మలకు కేటాయించుడి. మీ సంఘములో పని చేసిన పాస్టరమ్మలందరి పేర్లు, పుట్టింటి పేరుతోకూడ, వారు చేసిన పని, వారు ఉన్న సంవత్సరములు ముసలివారినడిగి వ్రాయుడి. ఆ ముసలివారు ఎంతకాలముందురో తెలియదు. పాస్టరుగారు మరణించినయెడల ఆయన భార్య ఒక సంవత్సరము ఆ యింటనే ఉండవచ్చునని, క్రొత్త పాస్టరుగారికి ఆ సంవత్సరము అద్దె యిల్లు చూతుమని ఇప్పుడే, అందరు బ్రతికియుండగానే తీర్మానించుడి. శవము ఇంట ఉండగా చేయు తీర్మానములలో న్యాయము తక్కువ, తొందర ఎక్కువ. కోత పండుగ కానుకలలో పదవ పాలు వేరొక సంచిలో వేసి, ఆ సంచికి విధవరాలి సంచి అని పేరు పెట్టి, తాళపు చెవి స్త్రీల కూటమునకు ఈయుడి. లెక్క వారికి తెలియును.

ఇంకొకటి. ఇంతకుముందు మీ సంఘములో ఉండిన పాస్టరుగారి విధవరాలు ఇప్పుడు ఎక్కడ ఉన్నదో మీలో ఎవరికి తెలియును? కుమార్తె ఇంట వెనుక గదిలో ఉన్నదందురా, ఏ పట్టణములోనో ఉన్నదందురా? ఆ ఊరి పేరు కనుగొని, ఇద్దరు పెద్దలు, ఇద్దరు స్త్రీలు బస్సెక్కి వెళ్లుడి. ఖాళీ చేతులతో వెళ్లవద్దు. వెళ్లి ప్రార్థన చేసి లేచి రావద్దు; ఎలీషా అడిగిన ప్రశ్ననే అడిగి, ఆమె చెప్పు జవాబు పూర్తియగువరకు కూర్చుండుడి.